ఇంగ్లండులో ఓబులేసు

పోయిన నెల కడప నుంచి కర్నూలుకు బస్సులో పోతున్నాను. మైదుకూరులో ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్నారు. ఫోన్లో ఏదో చూస్తూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. వాళ్ల భుజాల మీదుగా నాకూ తెర కనిపించింది. మంచు కురుస్తున్న శ్మశానం. నల్లకోటు తొడుక్కున్న అమ్మాయి ఒక సమాధిరాయి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఏడుస్తోంది. రాయి మీద ఇంగ్లీషు అక్షరాలలో, ఎవరైనా చదవగలిగేంత పెద్దగా, పేరు చెక్కి ఉంది. ఓబులేసు.

"ఇంగ్లండులో ఓబులేసు యాడోడే?" అంది ఒక పిల్ల.

"మన తట్టోడేలే. వీసా దొరికి పోయింటాడు" అంది రెండోది.

ఆ సినిమా కథ నాది. చెప్పుకుంటే ఆ పిల్లలు ఇంకా నవ్వుతారని చెప్పలేదు. ఆ ముక్క జనం ఫోన్లలో తిరగబట్టి రెండేళ్లవుతోంది. ఆ రాయి చెక్కినాయన చనిపోయి ఏడాది కావస్తోంది. ఆ పేరు ఎక్కడో ఒకచోట రాయి మీద నిలవాలని ఆయన ఎంతగా ఆశపడ్డాడో తెలిసినవాణ్ణి నేను. తెలిసి కూడా దాన్ని వెనక్కి తిప్పించినవాణ్ణి కూడా నేనే.

కడప ఊరి చివర మైదుకూరు రోడ్డులో బండల షెడ్లు వరసగా ఉంటాయి. కోతమిషన్ల రొదతో అక్కడ పక్కపక్కన నిలబడినవాళ్లు కూడా అరుచుకుంటూ మాట్లాడుకోవాలి. అన్నిటికంటే చివరి రేకుల షెడ్డు ఆయనది. అందులో మిషను లేదు. రాళ్ల మీద పేర్లు చెక్కడం తప్ప ఆయన ఇంకో పని చేసేవాడు కాదు. ప్రారంభోత్సవాల శిలాఫలకాలు, ఇళ్ల ముందు పెట్టే పేర్లు, సమాధిరాళ్లు. హిందువులకు, సాయిబులకు, క్రైస్తవులకు అందరికీ ఆయనే. అసలు పేరు నాకు తెలుసుగానీ ఆ రోడ్డులో ఎవరూ ఆ పేరు పెట్టి పిలవగా వినలేదు. అందరికీ ఆయన పేర్లాయప్ప.

తెలుగు తప్ప ఆయనకు చదవడం రాదు. అయినా ఉర్దూ, ఇంగ్లీషు కూడా పొల్లు పోకుండా చెక్కేవాడు. కాగితం మీద రాసిస్తే చాలు, బొమ్మలు చూసినట్టు చూసి దించేసేవాడు. ఇంగ్లీషు అక్షరాలకు ఆయన సొంత పేర్లు ఉండేవి. గాజు, పాము, దువ్వెన, లాడం, మూలమట్టం. పక్కన నిలబడితే "దువ్వెన అయిపాయ, ఇంగ పాము సెక్కితే అయినట్టే" అని తనలో తాను అనుకోవడం వినిపించేది.

సమాధిరాయి కోసం ఎవరైనా వస్తే ముందు రెండు ప్రశ్నలు అడిగేవాడు. "మనిషి పోయినాడా?" అన్నది మొదటిది. "మీ చేతులతో పూడ్సినారా?" అన్నది రెండోది. రెండింటికీ అవునంటేనే ఉలి పట్టేవాడు. ఒకసారి ఒకాయన, బతికుండగానే తన రాయి తానే చూసుకుపోవాలన్న సరదాతో వచ్చాడు. పేర్లాయప్ప ఆయనకు టీ తాగించి పంపించేశాడు.

"ఏమప్పా, వచ్చిన బేరాన్ని తోలేసినావే?" అని అడిగాను.

"కింద మనిషి లేకుండా పైన పేరు నిలబెట్టగూడదప్పా. అది పిల్సినట్ల లెక్క. పిలుపు ఇని వస్తాడు, వచ్చినాక యాడ పండుకోవల్లో తెలీక తిరుగుతాంటాడు. దయ్యాలంటే ఇంగెవురనుకుంటివి?"

దయ్యాల గురించి ఇంత సూటైన వివరం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. నేను దయ్యాల కథలు రాస్తాను. బతుకుదెరువుకు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. కాలేజీ వదిలాక ఆ షెడ్డు పక్కనున్న టీ అంగడి దగ్గర ఆగడం నాకు అలవాటు. ఆ అంగడిలో ఒక చిన్న టీవీ ఉండేది. మధ్యాహ్నంపూట అందులో తెలుగులోకి మార్చిన దయ్యాల సినిమాలు వచ్చేవి. పేర్లాయప్ప ఉలి కింద పెట్టి, టీ గ్లాసుతో టీవీకి రెండడుగుల దూరంలో కూర్చునేవాడు. ఆయన దయ్యాన్ని చూసేవాడు కాదు, రాళ్లను చూసేవాడు.

"ఆ కోట మెట్లు సూడప్పా. అవి మన బేతంచెర్ల బండలు. దొరల కోట అంటారు. దయ్యం మన బేతంచెర్ల మెట్లు దిగుతాంటే నాకు బయమెట్ల అయితాది?"

ఇంకోసారి, ఎడతెరిపి లేని వానలో తడుస్తున్న పాశ్చాత్య శ్మశానం చూస్తూ నా వైపు తిరిగాడు. "నువ్వు చెట్ల సారువు గదా, సెప్పు. అంత వాన పడే దేశంలో రాళ్లకు పాసి పట్టదా? నిన్న కడిగి పెట్నట్ల ఉండాయే." నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "నవ్వేదేముందప్పా? రాయి అబద్ధమైతే దాని కింద దయ్యం గూడా అబద్ధమే."

నా దయ్యం మాత్రం నిజం. అంటే నేను ఎరిగిన నేల మీది దయ్యం. మైదుకూరు దగ్గరి మెట్టపొలాల్లో, ఎండిన బావి గట్టున, మిట్టమధ్యాహ్నం ఒక ఆడమనిషి కూర్చుని ఉంటుంది. దారిన పోయేవాళ్లను "నీళ్లు పడినాయా?" అని అడుగుతుంది. ఆమె చచ్చిపోయి చాలా ఏళ్లయింది. కథ అంతే. వారపత్రికలో అచ్చయితే పదిమంది మెచ్చుకున్నారు. కొన్నాళ్లకు హైదరాబాదు నుంచి ఒక కంపెనీవాళ్లు వచ్చి, ఫోన్లలో చూసే సినిమాగా తీస్తామన్నారు. నేను గాలిలో తేలిపోయాను.

తర్వాత డైరెక్టరు నెమ్మదిగా అసలు సంగతి చెప్పాడు. "సార్, ఎండలో దయ్యం వర్కవుట్ కాదు. ఇంగ్లండులో పెడదాం." బావి పోయింది. మధ్యాహ్నం పోయింది. ఆడమనిషి మార్గరెట్ అయింది. వానలు ఆగని దేశంలో ఆమె దారిన పోయేవాళ్లను ఏమడగాలో వాళ్లకు తోచలేదు. అందుకని ఏమీ అడగకుండా అరుస్తుంది అన్నారు. నేను సరేనన్నాను. సరేనని ఎందుకన్నానంటే తెర మీద నా పేరు పడుతుందన్న ఆశ. ఇందులో దాచుకోవడానికి ఏమీ లేదు.

ఇంగ్లండుకు పోయే స్తోమత కంపెనీకి లేదు. ఓర్వకల్లు రాళ్లగుట్టల్లో ఇంగ్లండును కట్టారు. ప్లైవుడ్డుతో చర్చి ముందుభాగం లేచింది. శ్మశానంలో వెనక వరసలకు థర్మాకోల్ రాళ్లు, కెమెరా దగ్గరికి పోయే ముందు వరసలకు నిజం రాళ్లు కావాలన్నారు. అవి పద్దెనిమిది. నేను పేర్లాయప్ప దగ్గరికి తీసుకుపోయాను.

ఆయన పేర్ల జాబితా చూసి తన రెండు ప్రశ్నలూ అడిగాడు. ఆర్ట్ డైరెక్టరు, పాపం కుర్రాడే, బిత్తరపోయాడు.

"వీళ్లెవరూ పుట్టనే లేదు, కల్పించిన పేర్లు" అని నేను సర్దిచెప్పాను.

"పుట్టనోళ్లయితే పర్వాలేదు. అయితే ఎవురో ఏందో తెలీకుండా నేను సెక్కలేనప్పా. ఒగొక్కరి సంగతీ నువ్వు సెప్పల్ల."

అలా మూడు మధ్యాహ్నాలు ఆ రేకుల షెడ్డులో కూర్చుని నేను ఇంగ్లండు వాళ్ల కథలు చెప్పాను. థామస్ కమ్మరి, ఒక చెవి వినపడదు. ఎలిజబెత్ బడిపంతులమ్మ, పెళ్లి చేసుకోలేదు. ఎడ్వర్డుకు గుర్రాల పిచ్చి. ఆయన ఊరికే వినేవాడు కాదు. "కమ్మరాయనకు పిల్లోళ్లు ఉండారా?" "ముగ్గురు." "ఆడపిల్లోళ్లా?" నేను తడుముకుంటే, "తెలీకపోతే తెలీదను, అబద్ధాలు సెప్పొద్దు" అనేవాడు. మనుషులంతా అబద్ధమే అయినా వాళ్ల పిల్లల విషయంలో అబద్ధం కూడదు. ఆ మూడు రోజుల్లోనూ సినిమా మీద పోయిన నా ఆశ కాస్త తిరిగొచ్చింది. చెక్కడం అయ్యాక రాళ్లకు పేడలో వేపాకు నూరి కలిపి పూశాడు. దూరం నుంచి చూస్తే అచ్చం పాచే. దగ్గరికి పోతే ఈగలు.

జాబితాలో పేర్లు పదిహేడే ఉన్నాయి. పద్దెనిమిదో రాయి మీద ఏదో ఒకటి చెక్కేయండి, మూడో వరసలో పొగ మాటున ఉంటుంది, కనపడదు అన్నాడు ఆర్ట్ డైరెక్టరు. ఆ సాయంత్రం పేర్లాయప్ప నా చేతికి కాగితమిచ్చి, "ఓబులేసు అని ఇంగ్లీషులో రాసియ్యప్పా" అన్నాడు. ఎవరో ఇంటికి పేరు వేయించుకుంటున్నారనుకుని రాసిచ్చాను. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. "గాజుతో మొదలయితాదా? బాగుండాది" అన్నాడు.

షూటింగు రోజు ఓర్వకల్లులో ఎండ మాడ్చేస్తోంది. రాత్రి సన్నివేశాన్ని పట్టపగలే తీసి, తర్వాత కంప్యూటరులో చీకటి చేస్తారట. ఉన్ని కోట్లు తొడుక్కున్న ఇంగ్లండు గ్రామస్తులు జనరేటరు వ్యాను నీడలో మజ్జిగ తాగుతున్నారు. పొగమిషను వదిలిన పొగను గాలి ఎప్పటికప్పుడు కర్నూలు రోడ్డు మీదికి తోలేస్తోంది. మంచు కోసం మూటలకొద్దీ ఉప్పు చల్లారు. చల్లి అరగంట కాలేదు, గుట్ట వెనక నుంచి గొర్రెల మంద దిగింది. నూరు గొర్రెలు ఇంగ్లండు మంచును ఆప్యాయంగా నాకుతూ సమాధుల మధ్య తిరిగాయి. వాటిని తోలుకుపోవడానికి వచ్చిన ఆడమనిషి, "ఇంత ఉప్పు ఎవురప్పా పారబోసింది? మంచి పని సేసినారు" అంది.

పేర్లాయప్ప రాళ్లు పాతించడానికి వచ్చి ఉన్నాడు. శ్మశానం అంతా కలయజూసి నా పక్కకొచ్చాడు. "తలకాయలు యా దిక్కు పెట్టినారప్పా? వీళ్ల పద్ధతేంది? సూస్తే పండుకున్నోళ్లందరూ కెమెరా తట్టే సూస్తాండారు."

అప్పుడే ఆర్ట్ డైరెక్టరు జాబితా పట్టుకుని వరసలు సరిచూస్తూ మూడో వరసలో ఆగిపోయాడు. "సార్, ఓబులేసు ఎవరు?" అని నన్ను అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కపెట్టున నవ్వారు.

"మా తమ్ముడు సార్" అన్నాడు పేర్లాయప్ప. నవ్వు ఆగింది. ఆయన గొంతు పెంచకుండా, పనికి సంబంధించిన విషయం చెబుతున్నట్టే చెప్పాడు. "రాళ్లపనికి పక్క రాష్ట్రం పోయినాడు. బండ జారి మీద పడింది. మాకు తెల్సేకాటికి ఆడనే పూడ్సేసినారంట. నేను పోయినా. యాడ పూడ్సినారో సూపిచ్చేవాళ్లు లేరు. పదకొండేండ్లాయ. ఊర్లో రాయి పెట్టేకి ల్యా, కింద మనిషి లేడు గదా." తర్వాత నా వైపు తిరిగాడు. "ఈడయితే తప్పు లేదప్పా. ఈడ ఎవురి కిందా ఎవురూ లేరు. పిలుపు ఇని వాడు వచ్చినా ఒంటిగా ఉండడు. నువ్వు సెప్పిన కమ్మరాయన ఉండాడు, బడిపంతులమ్మ ఉండాది. తోడుంటారు."

ఆర్ట్ డైరెక్టరు కుర్రాడి కళ్లు తడిశాయి. "సార్, మీరు ఊఁ అంటే ఉంచేద్దాం. కథ మీది" అన్నాడు నాతో.

నేను ఊఁ అనలేదు. బావి తీసేసుకున్నారు, మధ్యాహ్నం తీసేసుకున్నారు, ఆమె అడిగే ఒక్క ప్రశ్ననూ తీసేసుకున్నారు. మిగిలిందాన్ని చూసి కూడా జనం నవ్వితే నేను కాలేజీలో తలెత్తుకోలేను అనుకున్నాను. గొర్రెలు ఉప్పు నాకుతున్న ఆ ఇంగ్లండును ఒక్క ఓబులేసే పాడుచేస్తాడని భయపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

"తిప్పి పెట్టండి. పేరు వెనకవైపు ఉంటుంది. రాయి అక్కడే ఉంటుందిగా" అన్నాను.

పేర్లాయప్ప "సరే సార్" అన్నాడు.

ఎనిమిదేళ్ల పరిచయంలో ఆయన నన్ను అప్పా అనకుండా సార్ అని పిలవడం అదే మొదలు. ఆయనే గడ్డపారతో రాయిని పెకలించి, వెనక్కి తిప్పి, మట్టి కూరి కాలితో గట్టిగా తొక్కాడు. చేతులు కడుక్కుని, నాకు చెప్పకుండానే రోడ్డు మీదికి పోయి బస్సెక్కాడు.

మర్నాడు నాయిక ఏడ్చే సన్నివేశం. బొంబాయి నుంచి వచ్చిన అమ్మాయి. ఆమె ఏడవాల్సింది మార్గరెట్ సమాధి దగ్గర. తర్వాత దయ్యం చెయ్యి పొడుచుకొచ్చి పగలాలి కాబట్టి ఆ ఒక్క సమాధీ ముందు వరసలోనే అయినా థర్మాకోల్‌తో చేశారు. సరిగ్గా షాటు సమయానికి గాలి లేచింది. మార్గరెట్ పేరుతో సహా ఆ సమాధి లేచి పొర్లుకుంటూ పోయి, దూరంగా కంపచెట్లలో చిక్కుకుని రెండు ముక్కలైంది. ఎండ దిగిపోతోందని డైరెక్టరు కేకలు. ఏదో ఒక నిజం రాయి దగ్గర కూర్చోబెట్టండి, పేరు లేని రాయి అయితే మంచిది, మొహం మీదే కదా షాటు అన్నాడు. నేను దూరంగా గొడుగు కింద కూర్చుని ఉన్నాను. ఆ అమ్మాయి కళ్లల్లో సహాయకురాలు కన్నీళ్లు తెప్పించే చుక్కలు వేయడం మాత్రం చూశాను.

సినిమా విడుదలైన వారానికే ఓబులేసు ముక్క ఊళ్లేలడం మొదలుపెట్టింది. మా ప్రిన్సిపాలు నన్ను పిలిచి, "మీ ఓబులేసుకు మనవాళ్లు ఎవరైనా దినం చేశారా?" అని అడిగి పొట్ట పట్టుకుని నవ్వాడు. విద్యార్థులు నల్లబల్ల మీద సమాధి బొమ్మ వేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మనిషి బస్సెక్కినట్టే ఎక్కి, మళ్లీ వచ్చి రాయిని తిప్పేశాడనుకున్నాను. మోటారుసైకిలు తీసి నేరుగా షెడ్డుకు పోయాను.

"నా మాటంటే నీకు లెక్కలేదా? మళ్లీ తిప్పినావా?" అని అరిచాను. కోతమిషన్ల రొద మధ్య నా అరుపు నాకే సరిగా వినపడలేదు.

ఆయన ఉలి కింద పెట్టి లేచాడు. "నేను ఆ పొద్దే వచ్చేస్తిని సార్. మళ్లీ ఆ తట్టు పోల్యా." తర్వాత, అడగొచ్చో లేదో అన్నట్టు అడిగాడు. "ఏమి సార్, కనపడినాడా?"

ఆయన సినిమా చూడలేదు. ఆయనకు అలాంటి ఫోనే లేదు. చేసిన పని చూసుకో అని నా ఫోను తీసి ఆ ముక్క పెట్టి మొహం ముందు పట్టుకున్నాను. పట్టుకుని నేను కూడా చూశాను. అప్పటిదాకా ఆ ముక్కలో పేరు చూసి కుతకుతలాడానే తప్ప దృశ్యం చూడలేదు. ఆ అమ్మాయి మోకాళ్లూనిన వైపు రాయి బోడిగా ఉంది. ఆమె మొహం కనపడాలని కెమెరాను రాయికి అవతలి పక్కన పెట్టారు. పేరు ఉన్నది అటువైపే, ఎండ దిగిపోయే హడావుడిలో ఎవరూ చూసుకోలేదు. తిప్పించకపోయి ఉంటే ఓబులేసు కెమెరా వైపు చూస్తూ మూడో వరసలో పొగలో ఉండిపోయేవాడు, తిప్పించాను కాబట్టి తెర నిండా నిలబడ్డాడు.

నా కోపం ఎటు పోయిందో తెలీదు. "నేనే చేశానప్పా ఇది. నేను తిప్పించబట్టే కనపడ్డాడు. ఆ పొద్దు నేను తప్పు చేశాను" అన్నాను.

ఆయన విన్నాడో లేదో. కళ్లు తెర మీదే ఉన్నాయి. ఉప్పు మంచును చూడలేదు, ప్లైవుడ్డు చర్చిని చూడలేదు, తను పూసిన పాచిని కూడా చూడలేదు. ఆ అమ్మాయినే చూస్తున్నాడు. ఆమె రాయి మీద రెండు చేతులూ ఉంచి, నుదురు ఆనించి, వెక్కివెక్కి ఏడుస్తోంది. ముక్క అయిపోయి తెర నల్లబడింది.

"ఆ పాప నిజంగా ఏడుస్తాండాదా, నటిస్తాండాదా?" అని అడిగాడు.

ఆ చుక్కల సీసా నేను కళ్లారా చూశాను. రాళ్ల సంగతి అడిగి ఉంటే ఆయన ముందు నా అబద్ధం నిలిచేది కాదు.

"నిజంగానే ఏడ్చింది" అన్నాను.

ఆయన చేతులకున్న రాతిపొడి పంచెకు తుడుచుకుని నా పక్కకు జరిగాడు.

"అట్లయితే ఇంగొగ తూరి పెట్టప్పా" అన్నాడు.